100 మి.మీ. ఎక్స్‌సీ (క్రాస్‌కంట్రీ) సైకిల్ ఫోర్కు: సాగ్ సరిగ్గానే ఉంది, కానీ చివరి 30 మి.మీ. కదలట్లేదు. గాలి తగ్గించాలా, టోకెన్ తీయాలా?

గేరుబండి

నమస్తే అండీ. బండి 29 అంగుళాల హార్డ్‌టెయిల్ సైకిల్ (వెనక సస్పెన్షన్ లేనిది). ముందు 100 మి.మీ. కదిలే ఎయిర్ ఫోర్కు (గాలి స్ప్రింగుతో నలిగే ముందు కాళ్లు), 32 మి.మీ. స్టాంచన్లు (పై గొట్టాలు), హ్యాండిల్ మీద రిమోట్ లాకౌట్ (ఫోర్కు కదలకుండా ఆపే లివర్). నీళ్ల బ్యాగు, హెల్మెట్, బూట్లు అన్నీ కలిపి నా బరువు 72 కిలోలు. ఫోర్కు కాలి మీది స్టిక్కర్ చూసి 78 పీఎస్‌ఐ పెట్టాను. స్టాంచన్ మీది ఓ-రింగ్ (ఎంత దిగిందో చూపే రబ్బరు రింగు) 16 మి.మీ. దగ్గర ఆగింది, అంటే సాగ్ (నా బరువుకే ఫోర్కు దిగేది) 16 శాతం. లెక్క ప్రకారం బాగానే ఉన్నట్టే కదా.

కానీ ఎంత రాళ్ల దిగుడులో దిగినా ఓ-రింగ్ 70 దాటట్లేదు. వేర్లు, చిన్న రాళ్లు వరసగా తగిలితే చేతులు జివ్వుమంటున్నాయి. రీబౌండ్ (నలిగిన ఫోర్కు తిరిగి లేచే వేగం) సరిగ్గా మధ్యలో ఉంది. లోపల ఒక టోకెన్ (గాలి గదిలో చోటు తగ్గించే ముక్క) ఉంది, కంపెనీ నుంచి అలాగే వచ్చింది. కుడి స్టాంచన్ మీద వైపర్ సీల్‌కి (దుమ్ము తుడిచే రబ్బరు అంచుకి) కాస్త పైన నల్లటి జిడ్డు గీత గుండ్రంగా పడుతోంది, తుడిచినా మళ్లీ వస్తోంది. ఏడాది పైనే అయింది, లోవర్స్ (కింది కాళ్లు) ఒక్కసారీ విప్పలేదు.

ఇంకో అనుమానం. షాక్ పంపు తీసేటప్పుడు తుస్సుమని గాలి పోతోంది. మళ్లీ బిగించి చూస్తే 72 చూపిస్తోంది. వాల్వు లీకా?

సన్నటైరు

పంపు సంగతి ముందు. ఆ తుస్సు ఫోర్కులోది కాదు, పంపు గొట్టంలో మిగిలిన గాలి. మళ్లీ బిగించినప్పుడు ఖాళీ గొట్టం ఫోర్కు గాలితోనే నిండాలి. ఎక్స్‌సీ ఫోర్కు ఎయిర్ చాంబర్ చిన్నది కాబట్టి ముల్లు 5, 6 పీఎస్‌ఐ పడటం మామూలే. పెట్టిన అంకె తీసే ముందు చూసిందే, తిరిగి బిగించి చూసింది లెక్కలోకి రాదు. నిజంగా లీకేమో అని అనుమానముంటే రెండు రోజులు వదిలేసి సాగ్ మళ్లీ కొలవండి. తేడా వస్తే వాల్వు పిన్ను బిగుతు చూసి, టాప్ క్యాప్ (గాలి ఉన్న కాలి పై మూత) చుట్టూ సబ్బు నీళ్లు రాయండి.

తర్వాత లాకౌట్ కేబుల్. లివర్ ఓపెన్‌లో పెట్టి క్రౌన్ (రెండు కాళ్లనీ పైన కలిపే భాగం) మీది లాకౌట్ చక్రం పూర్తిగా వెనక్కి వచ్చి ఆగుతోందో లేదో వేలితో తిప్పి చూడండి. కేబుల్ కొంచెం బిగుతుగా ఉన్నా, హౌసింగ్‌లో మట్టి చేరి లాగుతున్నా చక్రం సగంలో నిలబడిపోతుంది. అప్పుడు కంప్రెషన్ (ఫోర్కు దిగడాన్ని అడ్డుకునే ఆయిల్ దారి) ఎప్పుడూ సగం మూసే ఉంటుంది, ఎంత గాలి తీసినా ఫోర్కు మెత్తబడదు. రిమోట్ ఉన్న బండిలో నేనైతే మొట్టమొదట చూసేది ఇదే.

ఆ రెండూ బాగుంటే టోకెన్ తీసేయండి. సాగ్ సరిపోయి చివరి ట్రావెల్ (ఫోర్కు కదలిక) అందకపోతే టోకెన్ తీయడమే పద్ధతి. టోకెన్ వల్ల సాగ్ పెద్దగా మారదు, చివరి మూడో వంతులో స్ప్రింగ్ ఎంత బిగుసుకుంటుందో అదే మారుతుంది. టాప్ క్యాప్ విప్పే ముందు గాలి మొత్తం తీయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. తిరిగి బిగించేటప్పుడు రాక్‌షాక్స్ కంపెనీది అయితే 28 న్యూటన్ మీటర్లు, ఫాక్స్ కంపెనీది అయితే 25కి కాస్త తక్కువ. సాకెట్ అంచు చదునుగా ఉండాలి. మామూలు సాకెట్‌కి లోపలి అంచు ఏటవాలుగా ఉంటుంది, పల్చటి టాప్ క్యాప్ మీద జారి మూలలు అరిగిపోతాయి.

ఆయిల్‌చేతులు

సన్నటైరు గారూ, కేబుల్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. టోకెన్ దగ్గర మాత్రం ఆగుదాం. ఏడాదిగా విప్పని ఫోర్కు చూపించే సాగ్‌ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. లోపల ఆయిల్ ఎండి, ఫోమ్ రింగులు (సీల్ కింద ఆయిల్ పట్టి ఉంచే స్పాంజి రింగులు) ఆరిపోతే రాపిడి పెరుగుతుంది. ఆ రాపిడే సాగ్‌ని తక్కువగా గానీ ఎక్కువగా గానీ చూపిస్తుంది, ఫోర్కుని ట్రావెల్ చివరిదాకా పోనివ్వదు, చిన్న గతుకుల్ని సూటిగా చేతులకు పంపిస్తుంది. గేరుబండి గారు చెప్పిన లక్షణాలన్నీ అవే.

రాపిడి ఎంతుందో కొలవొచ్చు. ఓ-రింగ్‌తో కాదు, అది అన్నిటికంటే లోతుకు దిగిన చోటే గుర్తుపెట్టుకుంటుంది. గోడ పక్కన బండి మీద పెడల్స్‌పై నిలబడి, మోచేతులు కాస్త వంచి, దిగుడులో ఉండే భంగిమలో ఉండండి. వేరొకరు స్కేలుతో వైపర్ సీల్ నుంచి క్రౌన్ అడుగు దాకా కొలవాలి. ఒకసారి చాలా మెల్లగా బరువు దింపి కొలవండి. రెండోసారి ఫోర్కుని లోతుగా నొక్కి, మెల్లగా పైకి రానిచ్చి, అది ఆగిన చోట కొలవండి. బరువు లేనప్పటి కొలతలోంచి తీసేస్తే రెండు సాగ్‌లు వస్తాయి. బాగున్న ఫోర్కులో తేడా 2, 3 మి.మీ. మించదు. 5 దాటితే ఎండిపోయినట్టే. అప్పుడు గాలి, టోకెన్, క్లిక్కులు ఏవి మార్చినా అంచనాలే.

ఆ నల్ల గీత గురించి: పల్చటి ఆయిల్ పొర ఉంటే మంచిదే, సీల్ తడిగా ఉందని అర్థం. అది దుమ్ముతో కలిసి ముద్దలా పేరుకుంటే వైపర్ పెదవి కింద మట్టి చేరింది. కారుతుంటేనే సీల్ మార్చే సంగతి. మీది రెండో రకం, శుభ్రం చేస్తే సరిపోవచ్చు.

లోవర్స్ సర్వీస్ ఇంట్లోనే చేసుకోవచ్చు, గంట గంటన్నర పని. రాక్‌షాక్స్ మాన్యువల్ దీన్ని 50 గంటల స్వారీకి ఒకసారి చేయమంటుంది. ఫాక్స్ 125 గంటలు లేదా ఏడాది అంటుంది, బురదలో తిరిగే బండికి అది మరీ ఎక్కువ అని నా అభిప్రాయం. కావలసినవి: షాక్ పంపు, అలెన్ కీలు లేదా 10 మి.మీ. సాకెట్ (మోడల్‌ని బట్టి), టార్క్ రెంచి, రబ్బరు సుత్తి, సూది లేని 10 మి.లీ. సిరంజి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ, ఆ మోడల్‌కి చెప్పిన ఆయిల్, సస్పెన్షన్ గ్రీజు, కింది బోల్టులకు కొత్త క్రష్ వాషర్లు. లిథియం గ్రీజు వద్దు. బేరింగ్ గ్రీజూ వద్దు, చిక్కగా ఉండి ఫోమ్ రింగుని మూసేస్తుంది.

ముందు చక్రం, బ్రేకు కాలిపర్ తీసి దూరంగా పెట్టండి. డిస్కు మీద ఒక్క చుక్క ఆయిల్ పడినా ప్యాడ్లు పోయినట్టే. ఇప్పుడున్న పీఎస్‌ఐ, రీబౌండ్ క్లిక్కులు (పూర్తిగా మూసిన చోటు నుంచి లెక్కపెట్టి) రాసుకోండి. గాలిని మెల్లగా వదలండి, మధ్యమధ్యలో ఫోర్కుని పైకి లాగుతూ. ఒక్కసారిగా వదిలితే పై చాంబర్ ఖాళీ అయి కింద నెగటివ్ చాంబర్‌లో (ఫోర్కుని లోపలికి లాగే గాలి గదిలో) గాలి మిగిలిపోతుంది, ఫోర్కు లోపలికి పీల్చుకుపోయి కూర్చుంటుంది. అలా అయితే కంగారు పడకండి, మళ్లీ గాలి కొట్టి, పైకి లాగి, ఈసారి నిదానంగా వదలండి.

రీబౌండ్ నాబ్ తీసి, రెండు కింది బోల్టులూ మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేయండి. పూర్తిగా తీయొద్దు. బోల్టు తల మీదే రబ్బరు సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేస్తే లోపలి షాఫ్టు లోవర్ నుంచి ఊడి వస్తుంది. బోల్టు తీసేసి దెబ్బ వేస్తే నేరుగా షాఫ్టుకే తగిలి మరలు పాడవుతాయి, రీబౌండ్ వైపు ఇది ఖరీదైన పొరపాటు. బోల్టుతో పాటు షాఫ్టు తిరుగుతుంటే లోవర్స్‌ని బయటికి లాగి పట్టుకుని తిప్పండి. విప్పేటప్పుడు బోల్టు దగ్గర గాలి బుస్సుమంటే ఎయిర్ స్ప్రింగ్ అడుగు సీల్ నుంచి గాలి లోవర్స్‌లోకి కారుతోందని అర్థం. మొహం పక్కకి పెట్టుకోండి.

కింద పళ్లెం పెట్టి, బోల్టులు తీసి, లోవర్స్ లాగండి. ఇక్కడ తొందరపడకుండా రెండు కాళ్ల ఆయిల్‌నీ విడివిడిగా పట్టి కొలవండి. పోసింది 5 మి.లీ. అయి డ్యాంపర్ (ఆయిల్‌తో కదలికని నెమ్మది చేసే భాగం) వైపు 25 వస్తే డ్యాంపర్ సీల్ పోయింది, లోపలి ఆయిల్ దిగుతోంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వెండి మెరుపు కనిపిస్తే స్టాంచన్ పూత గానీ బుషింగ్ (స్టాంచన్ జారే లోపలి రింగు) గానీ అరుగుతోంది. స్టాంచన్ వెనక వైపు, బుషింగ్ తగిలే చోట రంగు పలచబడిందేమో వెలుతురులో తిప్పి చూడండి.

ఫోమ్ రింగులు తీసి ఆల్కహాల్‌తో పిండి, ఆరాక కొత్త ఆయిల్‌లో పూర్తిగా నాననివ్వండి. లోవర్స్ లోపల కర్రకి గుడ్డ చుట్టి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. వైపర్ పెదవుల మధ్య వేలి కొనతో పల్చగా గ్రీజు రాయండి. ఎక్కించేటప్పుడు వైపర్ పెదవి లోపలికి మడత పడకుండా చూసుకోవాలి, కాళ్లు రెండూ కలిసి నిటారుగా దిగాలి. సగం దాకా ఎక్కించి, ఫోర్కుని వాలుగా తిప్పి, కింది రంధ్రం నుంచి సిరంజితో ఆయిల్ పోయండి. షాఫ్టు ఇంకా రంధ్రాన్ని తాకకూడదు, తాకితే ఆయిల్ షాఫ్టు లోపలికి పోతుంది. తర్వాత పూర్తిగా నొక్కి, కొత్త వాషర్లతో బిగించండి. రాక్‌షాక్స్ బోల్టులు 7 న్యూటన్ మీటర్ల దగ్గర, ఫాక్స్ నట్లు 5.65.

రాళ్లదారి

ఆయిల్ కొలత గురించి ఒక మాట. "కాస్త ఎక్కువ పోస్తే ఇంకా బాగా జారుతుంది" అని చాలామంది రెట్టింపు పోసేస్తుంటారు. లోవర్స్ లోపల ఆయిల్ కాకుండా మిగిలినదంతా గాలి. ఫోర్కు దిగేకొద్దీ ఆ గాలి కూడా నలుగుతుంది, అంటే అదీ ఒక స్ప్రింగే. ఆయిల్ పెరిగితే ఆ గాలికి చోటు తగ్గి, చివర్లో బిగుసుకుంటుంది. ఎక్స్‌సీ ఫోర్కు కాళ్లు సన్నం కాబట్టి 10 మి.లీ. తేడా కూడా తెలుస్తుంది. చివరి ట్రావెల్ అందట్లేదని టోకెన్ తీసి, మరో చేత్తో ఆయిల్ ఎక్కువ పోస్తే ఏం లాభం? మోడల్‌ని బట్టి, కాలిని బట్టి కొలత మారుతుంది. కొన్నిట్లో కాలికి 5, కొన్నిట్లో 10, కొన్నిట్లో డ్యాంపర్ వైపు ఇంకా ఎక్కువ. మోడల్ పేరు, సంవత్సరం చూసి ఆ మాన్యువల్ అంకే పోయండి.

గొలుసుకి కొట్టే స్ప్రేలు, డిస్కు క్లీనర్లు స్టాంచన్ల మీద కొట్టొద్దు. సీల్ వెనక ఉన్న గ్రీజుని కడిగేస్తాయి, ఒక్క రోజు మెత్తగా అనిపించి తర్వాత ఇంకా ఎండిపోతుంది. ప్రెషర్ వాషర్ కూడా సీల్ వైపు తిప్పొద్దు.

గేరుబండి

అందరికీ థాంక్స్. రెండు వైపులా కొలిచాం: మెల్లగా దిగితే 11, కింద నుంచి పైకి వస్తే 19. ఆయిల్‌చేతులు గారు చెప్పినట్టే 8 మి.మీ. తేడా. కేబుల్ బాగానే ఉంది, చక్రం పూర్తిగా తెరుచుకుంటోంది.

విప్పాను. కుడి కాల్లో 3 మి.లీ. నల్లటి ఆయిల్, ఎడమ కాల్లో దాదాపు ఏమీ లేదు. ఫోమ్ రింగులు ముట్టుకుంటే గరగరలాడుతున్నాయి. పూత బాగానే ఉంది. శుభ్రం చేసి, మాన్యువల్ ప్రకారం ఆయిల్ పోసి బిగించాను. చేత్తో నొక్కితే ఇప్పుడు వెన్నలా దిగుతోంది.

కానీ 78 పీఎస్‌ఐ పెట్టాక ఫోర్కు పూర్తిగా పైకి రావట్లేదు. బరువు లేకుండా స్టాంచన్ 92 మి.మీ. మాత్రమే కనిపిస్తోంది, ఇంతకుముందు 100 ఉండేది. చేత్తో లాగితే వస్తుంది, వదిలితే మళ్లీ దిగుతుంది. ఏదైనా తప్పుగా బిగించానా?

ఆయిల్‌చేతులు

రెండు కారణాల్లో ఒకటి. రెండూ ఫోర్కు విప్పకుండానే తేల్చొచ్చు.

మొదటిది నెగటివ్ చాంబర్. గాలి పై నుంచి కొడతాం, కింది చాంబర్‌కి అది ట్రావెల్ పైభాగంలో ఉన్న చిన్న గుంట దగ్గర మాత్రమే దాటుతుంది. కాబట్టి 20 పీఎస్‌ఐకి ఒకసారి ఆగి, ఫోర్కుని పావు ట్రావెల్ దాకా పది సార్లు మెల్లగా నొక్కి వదలాలి. చివర్లో పీఎస్‌ఐ పడిపోతే మళ్లీ నింపి ఇంకోసారి చేయాలి. లాకౌట్ ఓపెన్‌లో, రీబౌండ్ పూర్తిగా కుందేలు వైపు (వేగం వైపు) ఉండాలి. ఇది ముందు చేసి చూడండి.

అప్పటికీ 92 దగ్గరే ఉంటే రెండోది: లోవర్స్ లోపల గాలి తక్కువైంది. మీరు బోల్టులు బిగించేటప్పుడు షాఫ్టులు పూర్తిగా బయటికి లేక ఫోర్కు సగం నలిగి ఉండి ఉంటుంది. ఆ స్థితిలో లోపల ఉన్న కొంచెం గాలే సీల్ అయిపోయింది. ఫోర్కు తెరుచుకుంటే లోపలి చోటు పెరుగుతుంది, గాలి పెరగదు, దాంతో లోపలికి లాగుతుంది. పైన పాజిటివ్, నెగటివ్ చాంబర్లు దాదాపు సమానంగా తోసుకుంటున్న చోటు కాబట్టి ఈ కొంచెం లాగుడే 8 మి.మీ. దింపగలదు.

సరిచేయడానికి సన్నటి జిప్ టై తీసుకుని, కొనని ఇసుక కాగితంతో గుండ్రంగా చేసి, కొంచెం ఆయిల్ రాయండి. చక్రం గాల్లో ఉండగా ఫోర్కుని పూర్తిగా పైకి లాగి పట్టుకుని, వైపర్‌కీ స్టాంచన్‌కీ మధ్య జిప్ టై మెల్లగా దూర్చండి. దాని నునుపు వైపు స్టాంచన్‌కి ఆనాలి. చిన్న శబ్దం వచ్చి ఫోర్కు అక్కడే నిలబడితే పని అయిపోయినట్టే. రెండో కాలికీ అలాగే. పదునైన స్క్రూడ్రైవర్ లాంటివి దూర్చొద్దు, గీత పడితే ఇక సీల్ ఆగదు.

ఈ రెండిటికీ లొంగకపోయినా, ఇప్పుడు సరిగ్గా నిలబడి రెండు మూడు స్వారీల తర్వాత మళ్లీ దిగిపోతున్నా, ఎయిర్ పిస్టన్ సీల్ నుంచి గాలి నెగటివ్‌లోకి కారుతోంది. అప్పుడు ఎయిర్ స్ప్రింగ్ సీల్ కిట్ వేయాలి. 2, 3 మి.మీ. దిగి ఉండటం మాత్రం కొన్ని ఫోర్కుల్లో డిజైనే, దాన్ని పట్టించుకోవద్దు.

గేరుబండి

జిప్ టైతోనే వచ్చింది, ఎడమ కాలి దగ్గర శబ్దం స్పష్టంగా వినిపించింది. ఇప్పుడు 100. రెండు వైపుల సాగ్ 17, 19. టోకెన్ ముట్టుకోలేదు, అదే దిగుడులో ఓ-రింగ్ 88 దాకా వెళ్లింది. వరస వేర్ల మీద మాత్రం ఇంకా కొంచెం గట్టిగానే ఉంది.

సన్నటైరు

88 అంటే ఎక్స్‌సీకి సరైన చోటే. చివరి 5, 10 మి.మీ. పెద్ద దెబ్బ కోసం మిగలాలి, టోకెన్ అలాగే ఉంచండి.

వేర్ల మీద గట్టిదనం ఇప్పుడు రీబౌండ్‌ది అయ్యుంటుంది. ఆ మధ్య క్లిక్కు మీకు నెమ్మదిగా పడుతోంది. గుర్తు ఇదీ: మొదటి వేరు మెత్తగా పోతుంది, నాలుగోది, ఐదోది వచ్చేసరికి హ్యాండిల్ కిందికి దిగిపోయి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఫోర్కు ఒక దెబ్బ నుంచి లేవకముందే ఇంకోటి పడుతోంది. కుందేలు వైపు రెండు క్లిక్కులు తిప్పి అదే వేర్ల మీద వెళ్లండి. చక్రం నేల వదిలి ఎగురుతున్నా, మలుపులో ముందు భాగం తేలిపోతున్నా ఒక క్లిక్కు వెనక్కి. ఒక్కసారికి ఒకటే మార్చండి, గాలి, రీబౌండ్ రెండూ కలిపి తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు. గాలి 10 పీఎస్‌ఐ తగ్గిస్తే రీబౌండ్ కూడా ఒకటి రెండు క్లిక్కులు తెరవాలి, ఎందుకంటే తోసే స్ప్రింగ్ బలహీనపడింది.

అన్నట్టు టైరులో ఎంత ఉంది? చిన్న చిన్న జివ్వుమనడం ఫోర్కు కంటే టైరు పని. ట్యూబ్‌లెస్ 2.25 టైరులో 30 పీఎస్‌ఐ పెట్టుకుని ఫోర్కుని తిట్టుకుంటే లాభం లేదు. మీ బరువుకి ముందు చక్రంలో 20, 22తో మొదలుపెట్టండి. రిమ్ము రాయికి తగిలితే 1 చొప్పున పెంచుకోవచ్చు.

రాళ్లదారి

ఆక్సిల్ (ముందు చక్రం ఇరుసు) బిగుతు కూడా ఒకసారి చూడండి. చక్రం తీసి పెట్టారు కదా. హబ్బు సరిగ్గా కూర్చోకుండా ఆక్సిల్ లాగి బిగిస్తే రెండు కాళ్లూ దగ్గరికి వంగి, బుషింగులు పట్టేస్తాయి. ఆక్సిల్ సగం చుట్టు వదులు చేసి ఫోర్కుని నాలుగైదు సార్లు నొక్కండి. వదులుగా ఉన్నప్పుడు ఇంకా మెత్తగా దిగితే సమస్య అక్కడే. వదులుగా ఉండగానే ఫోర్కుని నొక్కి కాళ్లని సర్దుకోనిచ్చి, అప్పుడు మాన్యువల్ టార్క్‌కి బిగించండి. ఆక్సిల్‌కి పక్కన పించ్ బోల్టు ఉండే మోడల్ అయితే ముందు ఆక్సిల్, తర్వాత ఫోర్కుని నొక్కడం, చివర్లో పించ్ బోల్టు.

గాలి ఎప్పుడు కొలుస్తున్నారో కూడా గమనించండి. 20 డిగ్రీల్లో 80 పెట్టిన ఫోర్కు 40 డిగ్రీల ఎండలో 86 దాటుతుంది. చల్లటి గదిలో కొలిచి మిట్టమధ్యాహ్నం ఎండలో తొక్కితే సాగ్ తప్పినట్టు అనిపించేది అందుకే. తొక్కే వేడిలోనే బండిని అరగంట ఉంచి, అప్పుడు పంపు బిగించండి.